బల్బు కాదు, వైరు చూడు

చిరంజీవి బాబుకి,

తాతగారి అంబాసిడర్ హెడ్‌లైట్లు రాత్రిపూట మసగ్గా, పసుపుపచ్చగా వెలుగుతున్నాయనీ, 100/90 వాట్ల బల్బులు వేయిస్తాననీ రాశావు. ఆ బల్బుల మాట ముందు మానెయ్. పాత వైరింగులో కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ ఇంకా పడిపోతుంది. ఆ వేడికి హోల్డర్లు కరుగుతాయి, రిఫ్లెక్టర్ పాడవుతుంది. ఎదురొచ్చేవాడికి కళ్ళు కనపడవు.

మామూలు 60/55 హెచ్4 బల్బు చాలు, దానికి నిండా వోల్టులు అందితే. 60 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు, రెండు దీపాలకీ 10. ఈ పదీ బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్‌కి పోయి, డిప్పర్ గుండా తిరిగి, మళ్ళీ ముందుకు రావాలి. పాత అంబాసిడర్లలో ఆ డిప్పర్ కాలి కిందే కదా, ఎన్ని వానాకాలాల బురద తాగిందో! 12 వోల్టులకు బదులు పదిన్నరే అందితే వెలుతురు మూడో వంతుకు పైగా పోతుంది.

కాబట్టి ఏదీ కొనకముందు కొలువు. ఇంజను నడుస్తుండగా బ్రైట్ వెయ్యి. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది హోల్డర్ వెనక బ్రైట్ పిన్ను మీద పెట్టు. అర వోల్టు లోపు చూపిస్తే వైరు మంచిదే. ఒకటిన్నరో రెండో చూపిస్తే దారిలో పోతోందన్నమాట. బల్బు పీకేసి కొలవకు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా నిండా 12 చూపిస్తుంది. చాలామంది మెకానిక్కులు ఇక్కడే బోల్తాపడి వైరింగు బాగుందని పంపేస్తారు.

తర్వాత ఎర్తు పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అలాగే చూడు. ఎర్తు చెడితే తర్వాత వేసే రిలే కూడా ఏమీ చెయ్యలేదు. బ్రైట్ వేసినప్పుడు పార్కింగ్ లైటు దానంతటదే మినుకుమంటే నూటికి తొంభై పాళ్ళు ఎర్తే. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, కొత్త వైరు వెయ్యి. కొన్ని బళ్ళకి ఇంతటితోనే సరిపోతుంది.

వోల్టులు వైరు దారిలోనే పోతున్నాయని తేలితే, అప్పుడు రిలేలు. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా రిలే 30వ నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బుకి, పాత హెడ్‌లైటు వైరు 86కి, 85 ఎర్తుకి. ఇక పాత స్విచ్ మోసేది రిలే చుట్టకు కావలసిన పావు ఆంపియరు లోపే. షాపువాడు ఐదు పిన్నులది ఇస్తే నడుమనున్న 87ఎని ముట్టుకోకు, రిలే ఆపి ఉన్నప్పుడే దానికి కరెంటు వస్తుంది. ఒక్కో రిలేకి 15 ఆంపియర్ల ఫ్యూజు విడిగా పెట్టు. రెంటికీ ఒకటే పెట్టావనుకో, ఘాట్ రోడ్డు మలుపులో అది పోయిందంటే డిమ్మూ బ్రైటూ రెండూ ఒకేసారి ఆరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. రిలే కాళ్ళు కిందికి ఉంటే నీళ్ళు నిలవవు. వైరు రెండున్నర స్క్వేర్ ఎంఎం ఆటో వైరే తీసుకో. ఇంటి వైరు తొడుగు ఇంజను వేడికీ ఆయిలుకీ ఆగదు.

నీ స్నేహితులు చూసి వాళ్ళ బళ్ళకీ చెయ్యమంటారు. కొన్ని జపాన్ తరహా బళ్ళలో బల్బుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్ తెంచేది ఎర్తునే. అది మీటరుతో తేల్చుకోకుండా ఈ కనెక్షన్ వేస్తే రిలే పలకదు.

పని అయ్యాక గోడ ముందు డిమ్ వేసి చూడు. వెలుగు అంచు దీపం మధ్యకంటే కిందే ఉండాలి, ఎడమ పక్క మాత్రం కాస్త పైకి లేవాలి. కుడి పక్క లేస్తే ఆ అద్దాలు కుడివైపు నడిచే దేశాలవి, మార్చేయ్.

మీ పెదనాన్న