డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుడితే తప్పు ఎవరిది?

కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, తినకూడనిది తిన్నదనీ, అందుకే బిడ్డ ఇలా పుట్టాడనీ తల్లిని నిందించడం ఆళ్లగడ్డ, నంద్యాల పల్లెల్లోనే కాదు, తెలుగునాట అంతటా ఉంది. అసలు కారణం ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కణం ఎలా విడిపోతుంది?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ఒక కణం రెండు కావడానికి ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక నకలు తయారవుతుంది. అసలునూ నకలునూ కొహెసిన్ అనే ప్రోటీన్ ఉంగరంలా చుట్టి కలిపి ఉంచుతుంది. ట్యూబులిన్ అనే మరో ప్రోటీన్‌తో అల్లిన సన్నని దారాలు కణం రెండు కొనల నుండి వచ్చి వాటిని పట్టుకుంటాయి. ఒక్క క్రోమోజోముకు దారం తగులుకోకపోయినా కావలి ప్రోటీన్లు పనిని ఆపుతాయి. అన్నీ సరిపోయాక సెపరేజ్ అనే ప్రోటీన్ ఉంగరాలను కత్తిరిస్తుంది. దారాలు చెరొకదాన్ని చెరొకవైపు లాగుతాయి. రెండు కణాలకూ 46 చొప్పున అందుతాయి.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

అండంలో మాత్రం 23 క్రోమోజోములే ఉండాలి. స్త్రీ అండాలు ఆమె తన తల్లి కడుపులో ఉండగానే తయారవడం మొదలై, విభజన మధ్యలో ఆగి ఉంటాయి. అన్నేళ్లూ క్రోమోజోములను పట్టి ఉంచిన కొహెసిన్ ఉంగరాలు వయసుతోపాటు బలహీనపడతాయి. అప్పుడు 21వ జత సరిగా విడిపోక, రెండూ ఒకే అండంలో ఉండిపోవచ్చు. తండ్రి నుండి వచ్చిన దానితో కలిపి మూడవుతాయి. మొత్తం 47. డౌన్ సిండ్రోమ్‌కు ఇదే కారణమని 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

తల్లి వయసు 35 అయితే సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40 అయితే సుమారు 100 కాన్పుల్లో ఒకటి ఇలా జరుగుతుంది. చిన్న వయసు తల్లులకూ జరుగుతుంది. కొద్దిమందిలో పొరపాటు తండ్రి కణంలో ఉంటుంది. గ్రహణం, తిండి, శాపం దీనికి కారణాలు కావు. మేనరికం వల్ల వేరే జబ్బులు రావచ్చు గాని, ఇది దానివల్ల వచ్చేది కాదు.

మనం చేయవలసినవి

1. బిడ్డకు రక్తంతో క్రోమోజోముల పరీక్ష చేయించండి. నూటికి ముగ్గురు నలుగురిలో అదనపు 21వ క్రోమోజోము మరొక దానికి అతుక్కొని ఉంటుంది. అలా ఉంటే మరో బిడ్డను కనే ముందు తల్లిదండ్రులకూ పరీక్ష అవసరం.

2. ఈ పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. పైకి బాగానే కనిపించినా ఎకో పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్, చూపు, వినికిడి కూడా చూపించండి.

3. నెలల వయసు నుండే ఫిజియోథెరపీ, తర్వాత మాటల శిక్షణ మొదలుపెట్టండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. అంగన్‌వాడీలో, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఈ పిల్లలు ఆలస్యంగానైనా నడుస్తారు, మాట్లాడతారు, బడికి వెళ్తారు. వారికి కావలసింది ధైర్యంగా ఉన్న తల్లి. ఆమెకు ఆ ధైర్యం ఇవ్వవలసింది భర్త, అత్తమామలు, ఇరుగుపొరుగు వారమైన మనమే.