వెల్లకిలా పడిన టర్కీ పిల్లను నిలబెట్టడం ఎలా?

నిరుడు చలికాలంలో ఒక ఉదయం మా వీధి చివరి ఇంటి నుంచి ఆరో తరగతి అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "టీచరమ్మా, అమ్మ రమ్మంటోంది. టర్కీ పిల్లలు పడిపోతున్నాయి" అంది. వెళ్ళి చూశాము. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్న ఆ తల్లికి ఒక దాత ఇరవై టర్కీ పిల్లలు ఇప్పించారు. పుట్టి రెండు రోజులైనా నిండని ఆ పిల్లలు రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి తెల్లవారుజామున దిగాయి. అట్టపెట్టెలో వాటిలో ఏడు నిలబడలేక పోతున్నాయి. రెండు వెల్లకిలా పడి కాళ్ళు గాలిలో ఆడిస్తున్నాయి. ఒకటి రెండు కాళ్ళూ రెండు పక్కలకు చాపేసి, కప్పలా పొట్ట మీద ఈదుతోంది.

"నా రాత ఇంతే టీచరమ్మా, అవిటి పిల్లలు వచ్చాయి" అంది ఆ తల్లి.

అవి అవిటివి కావు. పెట్టె అడుగున నున్నటి పాత వార్తాపత్రికలు పరవమని ముందురోజు సలహా ఇచ్చింది మేమే. శుభ్రంగా ఉంటుందనుకున్నాము. పిల్లలు జారిపోవడానికి సగం కారణం ఆ కాగితాలేనని పశువైద్యుడు చెప్పేదాకా మాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మేము ఆ వారం విద్యార్థులమయ్యాము. మీలో చాలామంది పేద కుటుంబాలకు కోళ్ళు, మేకలు ఇప్పించేవారే కనుక నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

టర్కీ కోడికి ఆ దేశంతో సంబంధం లేదు. అది అమెరికా ఖండపు పక్షి. తుర్కులు దాన్ని 'హిందీ' అంటారు, అంటే మన దేశపు పక్షి అని! 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింతల్లో ఈ పక్షిని చూసి జహంగీర్ చక్రవర్తి ఆశ్చర్యపోయి, దాని తల రంగులు మారే తీరును తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసిన టర్కీ పుంజు బొమ్మ నేటికీ ఉంది. అంత ఠీవి గల పక్షి పుట్టినప్పుడు మాత్రం కోడిపిల్ల కంటే చాలా తెలివి తక్కువది, సుకుమారమైనది. కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్ల అయితే టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది. అన్ని రోజులు పొదిగిన పిల్ల మొదటి వారంలోనే పోతే ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

పడిపోయిన పిల్లను చూడగానే కాళ్ళ సంగతి తర్వాత, ముందు ఒంటి వెచ్చదనం చూడాలి. చలికి బిగుసుకుపోయిన పిల్ల కూడా ఇలాగే పడిపోతుంది. చేతిలోకి తీసుకుంటే పొట్ట, పాదాలు చల్లగా తగులుతాయి. అలాంటి పిల్లకు తిండి పెట్టకూడదు, కాళ్ళు కట్టకూడదు. గుడ్డలో చుట్టి బల్బు కింద పెట్టి, ఒళ్ళు వెచ్చబడ్డాకే మిగతా పని. మేము తీసిన ఏడింటిలో రెండు వెచ్చబడగానే, ఇంకే వైద్యమూ లేకుండా, లేచి నడిచాయి. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేని ఇంట్లో పిల్లలే థర్మామీటరు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గుమిగూడితే చలి ఎక్కువని, బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువని అర్థం. వెల్లకిలా పడ్డ టర్కీ పిల్ల చాలాసార్లు తనంతట తాను లేవలేదు. అలాగే వదిలేస్తే అలసిపోయి చనిపోతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులు రాత్రి కూడా లేచి చూసే మనిషి ఉండాలి.

ఇక నేల సంగతి. పుట్టిన పిల్ల కాళ్ళలో బిగువు ఉండదు. పాదానికి పట్టు దొరకకపోతే కాలు పక్కకు జారుతుంది. జారిన కాలినే మళ్ళీ మళ్ళీ తోస్తుంటే తొడ దగ్గర కీలు అలాగే అలవాటు పడిపోతుంది. కాగితం, ప్లాస్టిక్ ట్రే, నున్నటి గచ్చు, మూడూ పనికిరావు. ఉతికి ఆరబెట్టిన గోనెపట్టా మంచిది. పోగులు వేళ్ళకు చుట్టుకోకుండా అంచులు కుట్టేయాలి. వరి ఊక కూడా వేయవచ్చు గాని, మొదటి కొన్ని రోజులు టర్కీ పిల్లలు ఊకకూ దాణాకూ తేడా తెలియక ఊకే తినేస్తాయి. కాబట్టి ఊక మీద గోనెపట్టా కప్పడం మేలు.

కాళ్ళు చాపేసిన పిల్లకు కట్టు కట్టాలి. ఎముకలు, నరాలు లేతగా ఉన్న మొదటి రెండు మూడు రోజుల్లో కడితేనే గుణం ఎక్కువ. వారం దాటితే ఆశ తగ్గుతుంది. మందుల షాపులో దొరికే గాయం ప్లాస్టరు ఒకటి చాలు. దాన్ని పొడవునా రెండుగా చీల్చాలి. ఒకరు పిల్లను పొట్ట కింద చెయ్యి వేసి పట్టుకోవాలి. ఇంకొకరు రెండు కాళ్ళనూ ఒంటి కిందికి తెచ్చి, మామూలుగా నిలబడ్డ పిల్ల కాళ్ళ మధ్య ఎంత ఎడం ఉంటుందో అంత, ఇంచుమించు ఒక అంగుళం, ఉండేలా చూడాలి. ప్లాస్టరు మధ్యలోని మెత్త రెండు కాళ్ళ నడుమ ఉండగా, కొసలను పాదానికి కొంచెం పైన చుట్టి వెనక్కి అంటించాలి. పశువులకు బందం వేసినట్టు అనుకోండి, కానీ అంత బిగువు వద్దు. గంట తర్వాత వేళ్ళు చూడాలి. వాచినా, నల్లబడినా, చల్లబడినా వెంటనే విప్పాలి. మా మొదటి కట్టు బిగుసుకుని వేళ్ళు ఉబ్బాయి. కొబ్బరినూనె రాసి మెల్లగా ఊడదీసి మళ్ళీ కట్టాము. రోజూ మార్చుతూ రెండు నుంచి నాలుగు రోజులు ఉంచితే చాలు.

కట్టు కట్టిన పిల్ల మొదట తూలి పడుతుంది, గోల చేస్తుంది. చూసినవారికి హింసలా అనిపిస్తుంది. ఆ అమ్మాయి ఏడ్చేసింది కూడా. గంటలో పిల్ల సర్దుకుంటుంది. దాన్ని మంద నుంచి వేరుచేసి, నెమ్మదిగా ఉండే ఇంకో పిల్లను తోడు పెట్టాలి. ఒంటరిగా ఉంటే బెంగతో అరుస్తూ తిండి మానేస్తుంది. నీళ్ళు డబ్బా మూతలాంటి లోతులేని దాంట్లో, గులకరాళ్ళు వేసి పెట్టాలి. కాళ్ళు కట్టి ఉన్న పిల్ల లోతు నీళ్ళలో ముఖం పడితే లేవలేదు.

కాళ్ళు బాగైనా పిల్ల బతకకపోవడానికి ఇంకో కారణం ఆకలి. దాణా ఎదురుగా ఉన్నా అది దాణా అని టర్కీ పిల్లకు తెలియదు. గుడ్డులోని పచ్చసొన బలంతో రెండు రోజులు గడుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు నేర్పాలి. మా బడిలో ఒకటో తరగతి పిల్లలకు చెయ్యి పట్టి అక్షరం దిద్దించినట్టే ఇది. ముక్కు కొసను నీళ్ళలో ముంచి తీయాలి. దాణా మీద వేలితో టకటకా కొట్టి చూపాలి. నీళ్ళలో రంగు గోలీలు వేస్తే మెరుపుకు వచ్చి పొడుస్తాయి. మొదటి పదిహేను రోజులు లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు, పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు ఇవ్వమని నిపుణులు చెబుతారు. పాల నీళ్ళు పులుస్తాయి కనుక పూటపూటా మార్చాలి. నోరు తెరిచి నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కో చుక్క తాకించాలి.

మామూలు కోడిపిల్లను గురువుగా వదిలితే టర్కీ పిల్లలు చూసి నేర్చుకుంటాయని పల్లెల్లో అంటారు. నిజమే, నేర్చుకుంటాయి. కానీ కోళ్ళ పేగుల్లోని పురుగుల గుడ్ల ద్వారా టర్కీలకు కాలేయం చెడిపోయే 'బ్లాక్‌హెడ్' రోగం సోకే ప్రమాదం ఉంది. కోళ్ళకు పెద్దగా హాని చేయని ఆ రోగం టర్కీల మందలనే తుడిచిపెట్టగలదు. కాబట్టి తిండి నేర్చిన టర్కీ పిల్లనే గురువుగా పెట్టుకోండి.

దాణా కూడా చూసి కొనాలి. టర్కీ పిల్లకు మొదట్లో 28 శాతం మాంసకృత్తులు కావాలి. మామూలు కోడిపిల్లల దాణాలో అంత ఉండదు. ఖర్చు తగ్గుతుందని కొందరు వేరుశనగ చెక్క కలుపుతారు. మన సీమలో చెక్క చవక, కానీ బూజు పట్టినది అసలు తాకవద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు చేసిన విషం అని తేలింది. ఈనాడు మనం అఫ్లాటాక్సిన్ అని భయపడే విషం అలా బయటపడింది.

కట్టుతో బాగుకానివి కూడా ఉన్నాయి. మధ్య కీలు వాచి, దాని వెనక నరం పక్కకు జారిపోతే అది వేరే జబ్బు. మెడ మెలితిరిగి తల వెనక్కి వాలితే విటమిన్ల లోపం కావచ్చు, కొక్కెర తెగులు కావచ్చు. బొడ్డు తడిగా, దుర్వాసనతో ఉంటే లోపల చీము పట్టినట్టే. ఇలాంటప్పుడు ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆ పిల్లను వేరుచేసి పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

ఆ ఏడింటిలో వెచ్చబడి లేచినవి రెండు, కట్టుతో నిలబడినవి మూడు. ఒకటి ఆ రాత్రే పోయింది. ఇంకొకటి కుంటుతూనే పెరిగింది. దానికి ఆ అమ్మాయి 'తైమూర్' అని పేరు పెట్టింది. చరిత్ర పాఠం చెప్పింది మేమే కనుక ఏమీ అనలేకపోయాము.

దాతలతో ఒక మాట. ఆ ఇరవై పిల్లలకు దాత పెట్టిన డబ్బు పెద్దదే, కానీ బల్బుకు, గోనెపట్టాలకు, పదిహేను రోజుల గుడ్లకు, పాలకు ఆ ఇల్లాలి దగ్గర డబ్బు లేదు. మేమూ అడగలేదు. పక్షులు ఇచ్చేటప్పుడు ఆ ఖర్చూ కలిపి ఇవ్వండి. వీలైతే పిల్లలు దిగే రోజు ఆ ఇంటికి ఒకరిని పంపండి.

ఈ ఏడు ఆమె తన సొంత డబ్బుతో పదిహేను పిల్లలు తెప్పించుకుంది. అవి రావడానికి ముందురోజు సాయంత్రమే పెట్టెలో గోనెపట్టా పరిచి, బల్బు వెలిగించి, లోపల చెయ్యి పెట్టి వేడి చూడమని మమ్మల్ని పిలిచింది.