ముంబై ఐడీ హైదరాబాద్‌లో పనిచేయదు

సెమిస్టర్ ప్రాజెక్టుకి సర్వర్ కావాలని క్లౌడ్‌ఫార్మేషన్‌లో టెంప్లేట్ రాశాను. ముంబై రీజియన్‌లో బాగానే నడిచింది. డెమో ముందురోజు రాత్రి, మనకి దగ్గర కదా అని అదే ఫైల్‌ని హైదరాబాద్ రీజియన్‌లో రన్ చేశా. అలాంటి ఇమేజే లేదని ఎర్రర్! స్టాక్ మొత్తం రోల్‌బ్యాక్. మా టీమ్‌లో ముగ్గురం, ఎవరికీ నిద్ర లేదు.

తప్పు నాదే. సర్వర్ ఏ ఇమేజ్ నుంచి తయారవ్వాలో చెప్పేది ఏఎంఐ ఐడీ. ఉబుంటు ఒకటే అయినా, దాని ఐడీ రీజియన్‌కొకటి ఉంటుంది. నేను ముంబై ఐడీని నేరుగా రాసేశాను.

దీనికి మందు మ్యాపింగ్స్. మన టైమ్‌టేబుల్‌లాంటి పట్టిక అనుకోండి: రోజు, పీరియడ్ తెలిస్తే సబ్జెక్ట్ దొరుకుతుంది. ఇక్కడ రోజు బదులు రీజియన్, పీరియడ్ బదులు ‘ఉబుంటు’.

మ్యాపింగ్స్:
రీజియన్‌మ్యాప్:
ఏపీ-సౌత్-1 → ఉబుంటు → ముంబై ఐడీ
ఏపీ-సౌత్-2 → ఉబుంటు → హైదరాబాద్ ఐడీ

సర్వర్ దగ్గర ఐడీ బదులు ఫైండ్‌ఇన్‌మ్యాప్ రాసి మూడు ఇవ్వాలి: మ్యాప్ పేరు, మొదటి కీ, రెండో కీ. మొదటి కీ చోట ‘ఏడబ్ల్యూఎస్::రీజియన్’కి రెఫ్ ఇస్తే, స్టాక్ ఏ రీజియన్‌లో నడుస్తుంటే ఆ వరస అదే చూసుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. పట్టిక లోపల పారామీటర్లు పెట్టకూడదు, మారని విలువలే రాయాలి. పట్టికలో లేని రీజియన్‌లో నడిపితే ఎర్రర్ వస్తుంది, కానీ ఏదీ తయారవ్వకముందే వస్తుంది. అర్ధరాత్రి అదే పెద్ద ఊరట.

ఊరు మారితే మారే విలువ మీ టెంప్లేట్‌లో ఏముందో ఇవాళే వెతకండి. డెమో ముందురోజు కాదు.