మనసు మార్చాలంటే చేతికి పని చెప్పండి

గంటసేపు వాదించి గెలిచారు. ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేదు. అయినా తెల్లారితే వాళ్లు చేసేది మళ్లీ ఆ పాత పనే. వాదనలో ఓడినవాడు నోరు మూసుకుంటాడు గానీ మనసు మార్చుకోడు.

ఆలోచన మారితే అలవాటు మారుతుందని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది తలకిందులు. ముందు చెయ్యి కదులుతుంది, తర్వాత మనసు దానికి సర్దుకుంటుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ మాట్లాడి ఎక్కువ ఒప్పిస్తారు.

1. కొంచెమే అడగండి

హిందూపురం వైపు పట్టు రైతులు ఒకప్పుడు ఎక్కువగా మేపింది పసుపు గూళ్లు కట్టే సంకర జాతి పురుగుల్నే. తెల్ల గూళ్ల బైవోల్టిన్ పురుగు మేలైన పట్టిస్తుంది, కానీ సుకుమారం. షెడ్డు శుభ్రంగా ఉండాలి, వేడీ తేమా కనిపెట్టుకోవాలి. మన ఎండలకు అది నిలవదన్నది పాతుకుపోయిన నమ్మకం. 1991లో కేంద్ర పట్టు మండలి జపాన్ సంస్థ జైకాతో కలిసి ఆ నమ్మకాన్ని మార్చే పని చేపట్టింది. మైసూరు శాస్త్రవేత్తలు ఇక్కడి వాతావరణానికి తగిన జాతులు తయారుచేశారు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో కొందరు రైతుల్ని ఎంచుకుని వాళ్ల షెడ్లలోనే పెంచి చూపించారు. కుబుసం విడిచే నాలుగు జ్వరాలూ దాటి పురుగు చంద్రిక తట్ట మీద గూడు కట్టడం రైతు తన కళ్లతో చూశాక పాత నమ్మకానికి బలమెక్కడుంటుంది? ఇవాళ బైవోల్టిన్ పట్టులో ముందున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మీరూ అంతే చేయండి. షుగరున్న భర్తకు వ్యాయామం గురించి ఉపన్యాసం వద్దు. "పాలు తెద్దాం, నడుచుకుంటూ పోయొద్దాం రండి" అనండి. "ఒక్క పంట చూడు, నచ్చకుంటే మానెయ్" అన్న మాటకు ఎవరూ భయపడరు.

2. నిర్ణయం వాళ్ల నోటే రానివ్వండి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసానికి కరువొచ్చింది. కాలేయం, గుండె, మూత్రపిండాలు వండుకోమని గృహిణులకు నచ్చజెప్పాలి. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ కొన్ని బృందాలకు ఉపన్యాసం ఇప్పించాడు. మిగతావారిని తమలో తాము మాట్లాడుకోనిచ్చి, వండి చూస్తామనేవాళ్లు చేతులెత్తమన్నాడు. తర్వాత వాకబు చేస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మంది వండారు. మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం మంది వండారు.

తానుగా నలుగురి ముందు అన్న మాటను మనిషి తేలిగ్గా వదులుకోడు. మన డ్వాక్రా సంఘాల పొదుపు నిలబడటంలో ఈ రహస్యం కూడా ఉంది. పిల్లాడికి టైంటేబుల్ మీరు గీసివ్వకండి. "ఏ టైంలో చదువుతావో నువ్వే చెప్పు" అని అడిగి, వాడి చేతనే రాయించి గోడకు అతికించండి.

3. చెప్పాల్సినవాళ్లు మీరేనా?

చెనిక్కాయ పంటకు అలవాటుపడ్డ పెనుకొండ సీమకు 2017 ఒప్పందంతో కియా కార్ల కంపెనీ వచ్చింది. 2019లో ఇక్కడ తయారైన తొలి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఇలాంటి చోట కూతురు షిఫ్టు ఉద్యోగానికి పోతానంటే తండ్రి గుండె గుబగుబలాడటం సహజం. జీతం లెక్కలు చెబితే ఆ భయం పోదు. "నాయనా, పక్కవీధి చిన్నాయన కూతురు రెండేండ్లుగా పోతాంది. ఒక్కతూరి వాళ్లతో మాట్లాడి వద్దువు రా" అంటే సగం పని అయినట్టే.

అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా పాకిందో రయాన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో వివరించారు. కొత్త విత్తనం సంగతి రైతులు చాలామంది మొదట విన్నది అమ్మకందారుల దగ్గరే. విత్తడానికి ధైర్యమిచ్చింది మాత్రం పక్క రైతు. ఒప్పించే తెలివి మీకెంత ఉన్నా, అనుభవమున్న పొరుగువాడికి మాట వదిలేయడమే పెద్ద తెలివి.

4. బహుమతి పెద్దదైతే ఇష్టం చిన్నదవుతుంది

1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల చేత విసుగు పుట్టించే పని చేయించి, "భలే సరదాగా ఉంది" అని తర్వాతివాళ్లకు చెప్పమన్నారు. కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. 20 డాలర్లు పుచ్చుకున్నవాళ్లకు, డబ్బు కోసమే అలా అన్నామని తెలుసు. ఒక్క డాలరువాళ్లకు ఆ సాకు లేదు. అందుకే పని నిజంగానే బాగుందని తమకు తాము నచ్చజెప్పుకున్నారు.

మార్కులొస్తే స్మార్ట్‌ఫోన్ అంటే పిల్లాడు ఫోన్ కోసమే చదువుతాడు. అది చేతికొచ్చాక పుస్తకం మూలన పడుతుంది. మెచ్చుకోలు చాలినచోట బేరం పెట్టకండి.

5. ఈ చిట్కాలే మీ మీదికి వస్తే?

ధర్మవరంలో పట్టుచీరల కొట్టు మెట్టెక్కండి. "కొనకపోయినా ఫర్వాలేదక్కా, కూర్చోండి, చూడ్డానికి డబ్బులేముంది?" అంటారు. కూర్చుంటారు. ఒక చీర విప్పుతారు, కొంగు మీ భుజాన వేస్తారు, అద్దం ముందు నిలబెడతారు. ఒక్కో చిన్న ఒప్పుకోలుతో మీ వేళ్లు పర్సు దగ్గరికి చేరుతుంటాయి.

1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ కాలిఫోర్నియాలో దీన్నే పరీక్షించారు. ఇంటి ముందు 'జాగ్రత్తగా బండి నడపండి' అనే పెద్ద బోర్డు పెట్టనిస్తారా అని నేరుగా అడిగితే ఒప్పుకున్నది 17 శాతం. అదే విషయమ్మీద ముందొక చిన్న స్టిక్కరు పెట్టించుకున్నవాళ్లలో 76 శాతం మంది సరేనన్నారు.

చీర దగ్గర పోతే డబ్బే పోతుంది. చిన్న ఫార్వర్డుతో మొదలై వాట్సాప్ గ్రూపులు నాటే ద్వేషం దగ్గర పోయేది మనిషితనం. కాబట్టి ఏ పనికైనా తలూపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: 'ఇదే మాట మొట్టమొదట అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నా?' కాదనిపిస్తే లేచి రండి. అప్పటికే నాలుగు చీరలు విప్పించామన్న మొహమాటం అక్కర్లేదు.

ఈ వారం ఇలా చేయండి

మీరు మార్చాలనుకుంటున్న ఒక్క మనిషిని ఎంచుకోండి. ఆ విషయమ్మీద వారం పాటు ఒక్క సలహా కూడా ఇవ్వకండి. పది నిమిషాల్లో అయిపోయే, కాదనడానికి వీల్లేనంత చిన్న పనొకటి అడగండి. మీరూ పక్కనుండి చేయండి. పనయ్యాక "చూశావా, నేను చెప్పలా?" అని మాత్రం అనొద్దు. గెలిచామన్న పేరు వాళ్లకే వదిలేయండి. రెండోసారి వాళ్లంతట వాళ్లే చేస్తారు.