ఫ్రాన్సు దక్షిణతీరమున చూడదగిన ద్రాక్షారసశాలలు

మన సంఘ సభ్యుల బిడ్డలు కొందరు చదువులకును ఉద్యోగములకును యూరపు ఖండమునకు పోయి యున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులకు నడుమ మూడు దినములు తీరిక దొరకుట కలదు. అట్టివారు ఫ్రాన్సుదేశపు దక్షిణ సముద్రతీరమునకు పోయినయెడల, వైను అని వాడుకలో పిలువబడు ద్రాక్షారసమును చేయు శాలలు త్రోవపొడుగునను కనబడును. మోంపెలియే పట్టణము మొదలుకొని స్పెయిను సరిహద్దు వఱకు వానికి కొదువ లేదు. వేడుకకు పోవువాడు వీనిలో దేనిని చూచినను చెల్లును. రైతు చూడవలసినవి వేఱు. ఈ వ్యాసము రైతుకొఱకే వ్రాయబడినది.

మద్యము ముట్టరాదని యెంచువారు మనలో పెక్కురు కలరు. వారును సంకోచింపక పోవచ్చును. రుచి చూచువారు సయితము నోట పోసికొని ఉమ్మివేయుట అచ్చటి మర్యాద. అందులకై పాత్ర యుంచబడును. మోటారు నడుపువాడు ఉమ్మివేయుటయే క్షేమము.

శాలను దాని గుమ్మము చూచి యెన్నుకొనరాదు. పండు తెచ్చిన రైతునకు అచ్చట ఎట్టి స్థానము కలదో చూచి యెన్నుకొనవలెను. తన తోటపండును తానే పిండుకొను యజమాని శాలలు కొన్ని. పదిమంది పంటను కొని కలుపు వర్తకుల శాలలు కొన్ని. రైతులే కూడి కట్టుకొన్నవి కొన్ని. మొదటి రెండును చూడదగినవే గాని, సమయము కొంచెమైనప్పుడు మూడవదానినే వెదకవలెను. ఫ్రెంచివారు దానిని 'కావ్ కోఆపెరాతీవ్' అందురు. దినమునకు ఒకటి చాలును, రెండు మిక్కిలి. నాలుగు చూచినవానికి సాయంకాలమునకు ఏది యెక్కడ వింటినో తెలియదు.

మొదటి దినము బెజియే పట్టణమున దిగి, దాని సమీపమున గల మరోసాన్ గ్రామమునకు పోవలెను. ఈ గ్రామమును ముందు చెప్పుటకు కారణము కలదు. 1863 ప్రాంతమున ఫ్రాన్సు తోటలలో 'ఫిలాక్సెరా' అను వేరుపురుగు కనబడి, క్రమముగ దేశమంతట తీగెలను చంపెను. అమెరికా తీగెల వేళ్లపై తమ తీగెలను అంటుకట్టి రైతులు తోటలను మరల నిలిపిరి. అంతట పంట విస్తరించెను; దానిపై నీరును చక్కెరయు కలిపి చేసిన కల్తీసరకు బజారున నిండెను; ధర పడిపోయెను. వర్తకుని ముంగిట నిలిచి ధర వినుట యెట్టిదో మన మిరపరైతునకు నేను చెప్ప నక్కఱలేదు. మరోసాన్‌లోని చిన్నరైతులు 1901వ సంవత్సరమున సంఘముగా కూడి, పారిసు నగరమందలి కార్మికుల వినియోగదారుల సంఘములకు తమ సరకును నేరుగా అమ్మ మొదలిడిరి. 1905లో సొంత శాలను కట్టుకొనిరి. ఆ యేడే జాన్ జోరెస్ అను ప్రసిద్ధ రాజకీయనాయకుడు వచ్చి చూచి తన పత్రికలో వ్రాసెను. అమ్మకము ముందు, కట్టడము తరువాత: ఈ వరుసను మన సంఘములు గమనింపవలెను. మనలో గిడ్డంగి ముందు లేచి, కొనువాని కొఱకు వెదకుట తరువాత జరుగుట కలదు.

తక్కినవారి కష్టము అంతటితో తీరలేదు. 1907లో అర్జెలియే గ్రామపు మార్సెలిన్ ఆల్బేర్ అను చిన్నరైతు ముందు నడువగా, ఊరూర సభలు జరిగెను. జూను 9వ తేదీన మోంపెలియేలో అయిదు లక్షలకు పైగా జనము కూడిరి. ఆ నెలలోనే నార్బోన్ పట్టణమున సైనికులు కాల్చగా కొందరు మరణించిరి. జూను 29వ తేదీన కల్తీని అరికట్టు చట్టము పుట్టెను. తరువాతి సంవత్సరములలో ఆ సీమయందు సహకారశాలలు ఊరికొకటిగా వెలసెను.

శాలకు పోయినవాడు సీసాల గదికి ముందు తూకపు తావును చూపుమని యడుగవలెను. పండును తూచిన పిమ్మట రసముయొక్క తీపిని కొలుతురు. లీటరు రసమున సుమారు 17 గ్రాముల చక్కెర యున్నచో, పులిసినపుడు ఒక డిగ్రీ మద్యసార మగును. బరువును డిగ్రీతో హెచ్చవేసి సభ్యునికి సొమ్ము కట్టుట అచ్చటి పాతపద్ధతి. ఒకడు 12 డిగ్రీల పండు 1,000 కిలోలు తెచ్చెననుకొనుడు, లెక్క 12,000. వేఱొకడు 14 డిగ్రీల పండు 900 కిలోలే తెచ్చెను. వాని లెక్క 12,600. నీరు పెట్టి బరువు పెంచినవానికి లాభము లేదు. నేడు కొన్ని సంఘములు తోటను ముందే చూచి తరగతి నిర్ణయించుచున్నవి. ఆ తరగతి నెవరు నిర్ణయింతురు? తగవు వచ్చిన నెవరు తీర్తురు? పండంతయు సంఘమునకే తేవలెనను నియమమును దాటి, చాటుగా వెలుపల అమ్మినవాని నేమి చేయుదురు? పంట తెచ్చిన ఎన్ని నెలలకు కడపటి వాయిదా ముట్టును? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పువాడు దొరకిన శాలయే మంచిశాల.

రెండవ దినమున పినే గ్రామము. ఇది 'తో' అను ఉప్పునీటి సరస్సునకు దగ్గరనున్నది; ఆ నీట ఆలిచిప్పలను పెంచెదరు. పిక్పూల్ అను ఒక్క జాతి పండుతో తెల్లని రసమును చేసి, 2013లో తమ గ్రామము పేరిట ప్రత్యేకమైన గుర్తింపును పొందిరి. పరిసర గ్రామముల సంఘములును ఈ పేరితోనే అమ్మును. పూటలో చూచి రావచ్చును.

మూడవ దినమున రైలెక్కి బన్యుల్స్ చేరవలెను. స్టేషను ఊరిలోనే కలదు. కొండలు పలకరాతి పొరలై సముద్రములోనికి దిగియుండును. వానిపై సున్నము లేని రాతిగోడలతో మడులు కట్టి తీగె నాటినారు. గాలివాన నీరు మట్టిని కొట్టుకొనిపోకుండ ఏటవాలుగ రాతికాలువలను తీర్చినారు. అవి కోడికాలి గుర్తువలె కలిసియుండుటచే ఆ పేరనే పిలుతురు. యంత్రము ఎక్కజాలదు, కోత చేతితోనే. ఇచ్చటి తీపిరసమునకు పండురసమున లీటరునకు 252 గ్రాముల చక్కెరయైన నుండవలెను. పులియుట సగములో నుండగా శుద్ధమైన సారాయమును కలిపి దానిని ఆపుదురు. అందుచే తీపి మిగులును. హెక్టారునకు 3,000 లీటర్లకు, అనగా ఎకరమునకు సుమారు 1,200 లీటర్లకు మించరాదని కట్టడి. కొన్ని పీపాలను ఆరుబయట ఎండలో నుంచి పండింతురు. చూచుటకు వింతయే గాని, నేనైతే పీపాల కంటె గోడలయొద్ద ఎక్కువ సేపు నిలిచెదను. ఆ గోడలను బాగుచేయు కూలి ఎవరు భరింతురని యడుగుడు. 2022 మొదలు ఆ జిల్లాలో కఱవు పట్టినది. 2024లో ప్రభుత్వము, తీగెలను శాశ్వతముగ పెఱికివేయు రైతులకు హెక్టారునకు 4,000 యూరోలు ఇచ్చుటకు పూనుకొనెను. నూఱేండ్ల క్రిందట ధరకై పోరాడిన సీమలోనే నేడు తోట పీకుటకు సొమ్ము! సంఘము తన సభ్యునికి ఈ విషయమున ఏమి సలహా చెప్పినదో తెలిసికొని రాగలిగినచో, అది వంద రుచులకంటె విలువైనది.

ఆగస్టు కడపటినుండి సెప్టెంబరు నెలాఖరువఱకు కోతకాలము. అప్పుడు తూకము కన్నులార కనబడును గాని, విప్పి చెప్పుటకు ఎవరికిని తీరిక యుండదు. తక్కిన కాలమున ముందుగా టెలిఫోను చేసి, దుబాసిగా బిడ్డను వెంటగొని పోవలెను. మధ్యాహ్నము పండ్రెండు మొదలు రెండువఱకు తలుపులు మూయుట వాడుక. ఆదివారము చాలవఱకు సెలవు. సీసాలు కొనదలచినవారు, మనదేశమునకు మనిషికి రెండు లీటర్లకు మించి సుంకము లేకుండ తేవీలులేదని యెఱుగవలెను.