ఇసుకను పట్టి ఉంచే తీగ

అక్కలారా! మన నాతవరం నుంచి చూస్తే సముద్రం కనిపించదు. కానీ మన మండలంలో ఉన్న తాండవ రిజర్వాయరు మనందరికీ తెలుసు. ఆ తాండవ నది పాయకరావుపేట దగ్గర పెంటకోటలో సముద్రంలో కలుస్తుంది. పెంటకోట, రేవుపోలవరం, పూడిమడక మన అనకాపల్లి జిల్లా ఊళ్ళే. మన చుట్టాలు కూడా అటువైపు ఉండొచ్చు.

ఈసారి అటు వెళితే ఇసుక మీద పాకే ఒక తీగను చూడండి. దాని పేరు బాలబంద తీగ. చెవులపిల్లి తీగ అని కూడా అంటారు. ఆకు కొస దగ్గర రెండుగా చీలి, అచ్చం మేక గిట్టలా ఉంటుంది. పూలు ఊదారంగులో, గరాటాలాగ ఉంటాయి. చిలగడదుంప, తూటికూర దీనికి దగ్గర చుట్టాలు. అలాగని దీన్ని కూరకి కోయకండి.

ఎలా బతుకుతుంది?

అక్కడ ఎండకి ఇసుక కాలిపోతుంది. గాలిలో ఉప్పు ఉంటుంది. అయినా ఈ తీగ బతుకుతుంది. ఆకులు దళసరిగా ఉంటాయి. నేలని అంటుకుని పాకుతుంది కాబట్టి గాలికి విరిగిపోదు. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. గింజలు సముద్రం నీటిలో తేలుతూ పోయి, వేరే ఒడ్డున మొలుస్తాయి. అందుకే ఆఫ్రికా, ఆస్ట్రేలియా తీరాల్లో కూడా ఈ తీగ ఉంది.

ఏం మేలు చేస్తుంది?

మన పొలం గట్టు సంగతి ఆలోచించండి. గట్టు మీద గరిక ఉంటే వానకి మట్టి జారదు. గరిక చెక్కేస్తే గట్టు తెగుతుంది. సముద్రం ఒడ్డున గట్టు అంటే ఇసుక దిబ్బ. అక్కడ గరిక చేసే పని ఈ తీగ చేస్తుంది.

గాలికి ఎగిరే ఇసుక తీగకి తగిలి ఆగుతుంది. కొంచెం కొంచెం చేరి దిబ్బ అవుతుంది. అలలు పొంగినప్పుడు ఆ దిబ్బ వాటి జోరు తగ్గిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అంత పెద్ద తుపానుని ఏ దిబ్బా పూర్తిగా ఆపలేదు. కానీ దిబ్బే లేకపోతే అల నేరుగా ఇళ్ళ మీదకి వస్తుంది.

పీకేస్తే ఏమవుతుంది?

"పిచ్చి తీగ" అని కొందరు పీకేస్తారు. కొందరు ఇసుక కోసం దిబ్బనే తవ్వేస్తారు. అప్పుడు ఇసుక ఎగిరి ఇళ్ళలో, పొలాల్లో పడుతుంది. ఒడ్డు కోసుకుపోతుంది. ముందు నష్టపోయేది ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ళే.

తీరాన్ని కాపాడటానికి కేంద్ర ప్రభుత్వం 1991లో నిబంధనలు తెచ్చింది. 2019లో వచ్చిన కొత్త నిబంధనల్లో కూడా ఇసుక దిబ్బలకు రక్షణ ఉంది. కాబట్టి దిబ్బ తవ్వుతుంటే గ్రామసభలో అడగండి. అర్జీ రాయండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు కదా!

ఎవరూ నాటలేదు, ఎవరూ నీరు పోయలేదు. అయినా ఈ తీగ ఊరికి కాపలా కాస్తోంది. దాన్ని ఉండనిస్తే చాలు.

కొత్త మాటలు

తీరం – సముద్రం ఒడ్డు
నిబంధన – పాటించాల్సిన కట్టుబాటు
అర్జీ – కోరిక తెలిపే కాగితం

చెప్పండి, రాయండి

1. బాలబంద తీగ ఆకు దేనిలా ఉంటుంది?
2. ఇసుక దిబ్బ ఎలా తయారవుతుంది?
3. మీ పొలం గట్టుని ఏ మొక్కలు కాపాడుతున్నాయి? మూడు పేర్లు రాయండి.