అడవి అంచు గ్రామములకు అగ్నిరక్షణ గ్రాంటులు

ఇల్లు కాలిన పిమ్మట ప్రభుత్వ మిచ్చు సహాయము నెరుగని పంచాయతీ సభ్యుడు లేడు. తహశీల్దారు వచ్చి చూచును, పంచనామా జరుగును, కుటుంబమునకు కొంత సొమ్ము అందును. ఇల్లు కాలకుండుటకై ముందుగనే ఇచ్చు సొమ్ము కూడ ఒకటి కలదని ఎరిగినవారు మాత్రము తక్కువ. అడవి నంటియున్న గ్రామముల సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఈ రెండవ సొమ్మును గురించియే.

ఇది వచ్చు దారులు ప్రధానముగా రెండు. అడవులలో అగ్ని నివారణకై కేంద్ర ప్రభుత్వము 2017-18లో ప్రత్యేకముగా ఒక పథకము నేర్పరచినది. మన వంటి రాష్ట్రములలో దాని వ్యయమున నూటికి 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము భరించునట్లు నిర్ణయింపబడినది. సొమ్ము అటవీశాఖ ద్వారా ఖర్చగును. ఫైరు లైనులు తీయుట, కావలివారిని నియమించుట, పనిముట్లు కొనుట, ప్రజలకు బోధించుట అందులో చేరినవి. అడవిని మంటలనుండి కాపాడిన గ్రామమునకు ప్రోత్సాహక మిచ్చుటకును అందు చోటు కలదు.

రెండవది విపత్తుల నివారణ నిధి. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు రాష్ట్రముల విపత్తు నిధులను విభజించుచు, నూటికి 80 పాళ్లు సహాయ కార్యములకును, 20 పాళ్లు ముందుజాగ్రత్త పనులకును కేటాయించినది. జాతీయ నిధులనుండి 2025 మార్చిలో 19 రాష్ట్రములందలి 144 జిల్లాలలో అడవి మంటల ప్రమాదమును తగ్గించుటకు 818.92 కోట్ల రూపాయల కార్యక్రమ మంగీకరింపబడినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును ఆ 19లో నున్నవి.

కోట్ల మాట విని సంతోషించుటకు ముందు చిన్న భాగహారము చేయుట మంచిది. సగటున జిల్లా ఒక్కింటికి ఆరు కోట్లయినను పడదు. అదియైనను ఒక్క యేటి పనికి కాదు. కావున ఏమి కావలెనో, ఎచ్చట కావలెనో వ్రాసి యడిగిన గ్రామమునకును, ఊరక 'నిధులు మంజూరు చేయగోరుచున్నాము' అని తీర్మానము పంపిన గ్రామమునకును చాల భేద ముండును.

ఎచ్చట అన్న ప్రశ్నయే మొదట తేల్చుకొనవలెను. పంచాయతీ కార్యాలయము, బడి, రోడ్డు ఉన్న ప్రధాన గ్రామమునకు మంట చేరుట అరుదు. మంట ముందుగా తాకునది చివరి తండాను, గూడెమును, నల్లమలలోనైన చెంచు పెంటను. అచ్చట కప్పులు బోదగడ్డివి, దారి ఇరుకు, వేసవిలో త్రాగుటకే నీరు చాలదు. ఫైరింజను అచ్చటికి పోజాలదు. పంచాయతీ పటములో ఇట్టి నివాసములను మొదట గుర్తించి, వాని చుట్టును ఎండుగడ్డిని తొలగించుట, గడ్డివాములను ఇండ్లకు దూరముగా జరుపుట, ఒక నీటి తొట్టి కట్టుట వంటి పనులను ముందు వరుసలో చేర్చవలెను. ఓట్లు తక్కువగానున్న చోటని వీనిని వెనుకకు నెట్టు అలవాటు కొన్నిచోట్ల లేకపోలేదు.

ఇక కారణములు. మన అడవులలో ఫిబ్రవరి మొదలు మే వరకు రాలిన ఆకు ఎండి పరచుకొనియుండును. ఆ కాలమున తనంత తాను నిప్పు పుట్టుట బహు స్వల్పము. ఇప్పపూవు ఏరువారు చెట్టుక్రింది ఆకును కాల్చుదురు, రాలిన పూవు తెల్లగా కనబడవలెనని. తునికాకు చిగురు బాగుగా వచ్చునని కొందరు, పశువులకు క్రొత్త పచ్చిక మొలచునని కొందరు నిప్పు పెట్టుదురు. దారిన పోవువాడు బీడీ పారవేయును. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరమే. అయినను కేసులు పెట్టినంత మాత్రమున ఇప్పపూవు ఏరుట ఆగదు. ఆ కుటుంబమునకు అది వేసవి గ్రాసము. చెట్టుక్రింద ఆకును చీపురుతో ఊడ్చినను, కొమ్మలక్రింద వల కట్టినను పూవు శుభ్రముగానే దొరకును. అట్టి వలలను మీ కోరికల పట్టికలో చేర్చుటకు సంకోచింపవలదు.

ఈ సందర్భమున కుమావూన్ కొండల చరిత్ర గమనింపదగినది. అచ్చట బ్రిటిషు ప్రభుత్వము అడవులను రిజర్వు చేసి, ప్రజల మేపు హక్కులను కట్టెల హక్కులను కుదించెను. 1921లో ప్రజలు నిరసనగా నిప్పు పెట్టగా విస్తారమైన అడవి కాలిపోయెను. పిమ్మట విచారణ జరిగి, 1931లో గ్రామస్థులకే అడవి నిర్వహణలో భాగ మిచ్చు వన పంచాయతీల నియమములు వెలువడినవి. నేడు ఉత్తరాఖండములో అట్టివి 11 వేలకు పైగా నున్నవి. అచ్చట మంటలు లేకుండపోలేదు. కాని కాపాడుటకు మనుష్యులు కావలెనన్నచో వారికి ఆ అడవిలో పాలుండవలెనని నాటి పాలకులకు తెలిసివచ్చినది.

అందుచేత కావలి పనికి దూరమునుండి మనుష్యులను రప్పింపక, ఆ గూడెపు వారినే కూలిపై నియమింపుమని మీ తీర్మానము కోరవలెను. దీనికి మరియొక కారణము కూడ కలదు. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహములద్వారా మంటలను కనిపెట్టి ఫోనులకు హెచ్చరికలు పంపుచున్నది. కోరినవారెవరైనను పేరు నమోదు చేసికొనవచ్చును. అయినను ఉపగ్రహము భూమిపై చూచు గడి ఒకదానిలో 375 మీటర్లు, మరియొకదానిలో ఒక కిలోమీటరు. చెట్టుక్రింద అప్పుడే రాజుకొన్న మంట దానికి కనబడకపోవచ్చును. దానిని చూడగలవాడు ఆ దారిని నడచువాడే.

అట్లని శిక్షణ లేనివారిని మంటలోనికి పంపరాదు. తమిళనాడులోని కురంగణి కొండలలో 2018 మార్చి 11న మంటలలో చిక్కుకొని ఇరువది మందికి పైగా యాత్రికులు మరణించిరి. మంట పల్లమునుండి ఎగువకు వేగముగా ఎక్కును; పై వాలులో నిలిచినవానికి తప్పించుకొను వ్యవధి ఉండదు. పారలు, దంతెలు, ఆకులను ఎగురగొట్టు బ్లోయరులు అడుగునపుడు, వానితోబాటు శిక్షణను, బూట్లను కూడ అడుగవలెను.

కాలమును గురించి ఒక మాట. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సాధారణముగా అక్టోబరులో మొదలగును. అగ్నిరక్షణ పనులు ఆ ప్రణాళికలోనే చేరవలెను. మార్చిలో పొగ కనబడిన తరువాత వ్రాసిన తీర్మానము ఆ యేటికి పనికిరాదు, ఏలయన ఫైరు లైనులు ఫిబ్రవరి లోపుననే శుభ్రమై యుండవలెను. రిజర్వు అడవిలోని లైనులు అటవీశాఖ పని. పంచాయతీ స్వయముగా అచ్చట చెట్టు కొట్టరాదు. ఊరి పొలిమేర, బాట అంచులు, నివాసముల చుట్టు పంచాయతీ పని.

తీర్మానమును గ్రామసభలో, వీలైనచో ఆ గూడెముననే సభ జరిపి, ఆమోదింపజేయవలెను. అందు నివాసము పేరు, ఇండ్ల సంఖ్య, అందులో గడ్డికప్పు ఇండ్లెన్ని, దగ్గరి నీటి వసతి ఎంత దూరము, గడచిన మూడు వేసవులలో మంట ఎచ్చట వచ్చినది, కావలెనన్న పనులు, వాని అంచనా, కావలికి ముందుకు వచ్చినవారి పేర్లు ఉండవలెను. వన సంరక్షణ సమితి ఉన్నచో దాని సంతకమును చేర్చవలెను. ఒక ప్రతి అటవీ రేంజి అధికారి ద్వారా డివిజనల్ అటవీ అధికారికిని, మరియొక ప్రతి జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ అధ్యక్షులైన కలెక్టరుకును పంపి, అందిన తేదీతో రసీదు తీసికొని పంచాయతీ రికార్డులో ఉంచవలెను.